పందుల షెడ్డులో వేపాకు పొగ

మా ఇంట్లో తాతల నాటి నుంచి గొర్లు కాశారు. నేను పందుల దగ్గర పనికి కుదిరాను. ఈ ఒక్క మాట చెబితే చాలు, మా వాడలో సగం మంది ముక్కు మూసుకునేవారు, మిగతా సగం మంది నవ్వేవారు. ముక్కు మూసుకున్న వాళ్లను కూడా నవ్వించే బాధ్యత నేనే తీసుకున్నాను. "ఎట్లుందిరా పని?" అని ఎవరైనా అడిగితే, "సర్కారు కొలువు లెక్కనే ఉంది. పొద్దంతా తిని పండేది వాళ్లు, పెంట ఎత్తేది నేను" అనేవాణ్ణి.

ఏడో తరగతిలో నేను బడిని వదిలేశానని ఇంట్లో అంటారు. బడే నన్ను వదిలించుకుందని మా లెక్కల సారు అంటాడు. ఎవరి మాట నిజమైనా, చదువు అక్కడ ఆగిపోయింది, నోరు మాత్రం ఆగలేదు. నోరున్నవాడి మాట ఎవరూ నమ్మరని తెలుసుకోవడానికి నాకు ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది.

తెలంగాణ వచ్చాక రెండు మూడేళ్లకు, భువనగిరి దాటి లోపలికి పోతే బండల మధ్య పడావుగా ఉన్న జాగాలో ఒక సారు ఈ షెడ్డు కట్టించాడు. పొడుగాటి రేకుల షెడ్డు, పక్కలకు గోడలకు బదులు తాళ్లతో లేపి దించే ప్లాస్టిక్ పరదాలు. లోపల తెల్ల సీమపందులు. మన ఊళ్లలో బజార్లు తిరిగే నల్ల పందుల్లా వీటికి తిరుగుడు లేదు. షెడ్డులోనే పుట్టి, షెడ్డులోనే తిని, చివరికి లారీ ఎక్కిన రోజే మొదటిసారి ఎండ చూస్తాయి. నేల అంతా సందులు వదిలి పరిచిన సిమెంటు పలకలు. పందులు వేసిన పెంట ఆ సందుల్లోంచి కిందికి జారుతుంది. కింద నిలువెత్తు లోతు గుంత. అంటే పైన పందుల కాపురం, కింద వాటి పెంట కాపురం. నెలలకొద్దీ అక్కడే మురుగుతుంది. నిండాక మోటరుతో కలిపి, ట్యాంకరులోకి తోడి, పొలాలకు పంపేవాళ్లం.

తిండి హైదరాబాదు హోటళ్ల నుంచి డ్రమ్ముల్లో వచ్చేది. మిగిలిన బిర్యానీ, మిగిలిన నాన్‌రొట్టెలు. మా పెళ్లిలో మేం పెట్టలేకపోయిన బాస్మతి బియ్యాన్ని మా పందులు రోజూ తినేవి. పొయ్యి మీద ఆ ఎంగిలిని ఉడకబెట్టే పని నాది. ఈనే గది మా ఇంటామెది. తల్లి పంది ఈనేటప్పుడు పక్కన కూర్చుని, పుట్టిన పిల్లను పుట్టినట్టు గుడ్డతో తుడిచి, బల్బు కింద వెచ్చగా పెట్టేది. గొర్రెపిల్లలను పెంచిన చెయ్యి కదా, ఒక్క పిల్లను కూడా పోనిచ్చేది కాదు. సారు నన్ను పనిలో పెట్టుకున్నదే ఆమె కోసమని నా అనుమానం.

ఒక ఎండాకాలంలో వ్యవసాయ చదువు చదివే ఒక అమ్మాయి వచ్చింది. వయసులో నాకంటే చిన్నదే. అయినా చేతిలో మిషను ఉంది కాబట్టి నాకు మేడం అయింది. పెంట గుంత మీద ఒక డబ్బా బోర్లించి, దాని నడినెత్తిన సన్న గొట్టం పెట్టి, సూదిమందు గొట్టంతో ఏదో లాగి, చిన్న చిన్న సీసాల్లో నింపుతోంది. సీసా మీద తేదీ రాసి మూత బిగిస్తోంది. నాకు కనిపించినంతవరకు ఆ సీసాల్లో ఏమీ లేదు.

"ఏం వట్టుకుంటున్నవ్ మేడం గా సీసలల్ల?"

"గ్యాస్ అన్నా."

"పందుల గ్యాసా? గవి పిత్తితే నువ్వు సీసల వట్టి హైదరాబాదు తీస్కపోతున్నవా?"

ఆమె నవ్వలేదు. అవునంది. పైగా ఆ సీసాలను ఏసీ కారులో తీసుకుపోతానంది. నన్నెవరూ ఏనాడూ ఏసీ కారు ఎక్కించలేదు. ఆ సాయంత్రం మా ఇంటామెకు ఈ సంగతి చెబుతూ ఎంత నవ్వానంటే, ఆమె నా వీపు మీద చరచాల్సి వచ్చింది.

మేడం నెలకోసారి వచ్చేది. డబ్బా పట్టుకునే పని నాకిచ్చింది. పట్టుకుని ఊరికే ఉండలేక అడిగేవాణ్ణి. ఆమె ఓపికగా చెప్పేది. గాలి ఆడని చోట పెంట మురిగితే మీథేన్ అనే గ్యాసు పుడుతుందట. రంగుండదు, వాసన ఉండదు.

"వాసన లేకపోవుడేంది మేడం? మా బట్టలు సూడు, బస్సు ఎక్కితే కండక్టరే దిగిపోతున్నడు."

"ఆ వాసన వేరే వాటిది. ఇది మీ ముందే పోతది, మీకు తెల్వది. పైకి పోయి ఆకాశంల ఉండి, భూమి వేడిని బయటికి పోనియ్యదు. కట్టెలు కాలిస్తె, డీజిలు కాలిస్తె వచ్చే గ్యాసు కంటె ఎన్నో రెట్లు ఎక్కువ వేడి పట్టి పెడతది."

"అయితె ఎండలు ముదురుడు మా పందుల పుణ్యమే అన్నట్టు."

"మీ ఒక్క షెడ్డుది కాదన్నా. ఇసొంటివి ఎన్నున్నయ్ లోకంల?"

"మా గొర్లు మంచివి కదా మరి?"

"గొర్లు నెమరేసుకుంట తేన్పుల్లో అదే గ్యాసు వదులుతయ్."

"అంటె మా వంశం మొత్తం గీ కేసుల ఇరుక్కున్నట్టే."

ఆ రోజు మాత్రం ఆమె నవ్వింది. నవ్విందన్న సంబరంలో, ఆ తర్వాత ఆమె చెప్పిన మాటను నేను చెవిలో వేసుకున్నాను కానీ తలకు ఎక్కించుకోలేదు. గుంత కలిపేటప్పుడు జాగ్రత్త అంది. పైన కట్టిన నురగలో, పొరల్లో పట్టుబడి ఉన్న గ్యాసంతా కలిపేసరికి ఒక్కసారే బయటికొస్తుంది, పరదాలన్నీ లేపాలి, మనుషులు బయటికి రావాలి, నిప్పు దగ్గరికి రావద్దు, బీడీ కూడా ముట్టించొద్దు అంది.

నేను బీడీ తాగను. కాబట్టి ఆ మాట నాకు కాదనుకున్నాను.

ఇక్కడ మా గొర్లోళ్ల అలవాటు ఒకటి చెప్పాలి. వానలు పడి దోమలు, జోరీగలు లేస్తే, పొద్దుగూకే వేళ దొడ్డి దగ్గర పొగ పెడతాం. పాత మూకుట్లో పిడకల నిప్పులు, వాటి మీద పచ్చి వేపాకు. మండనివ్వకూడదు, పొగ మాత్రమే రావాలి. మా బాపు ఇందులో ఘనుడు. ఆయన మూకుడు పెడితే తెల్లారేదాకా పొగ తెగేది కాదు. అది మాకు నిప్పు కిందికి రాదు. మందు కిందికి వస్తుంది. పశువుకు పసుపు పూసినట్టు, గొర్రెకు పొగ పెడతాం. నేను పందులకు కూడా పెట్టడం మొదలుపెట్టాను. దోమలు తగ్గాయి, పందులు నిమ్మళంగా పడుకున్నాయి. సారు వచ్చి చూసి మెచ్చుకున్నాడు. బడిలో దొరకని మెప్పు అది, తల తిరిగింది.

ఆ తల తిరుగుడులోనే మా బావకు కూడా నేర్పాను. బావ అంటే మా ఇంటామె అన్న, మా అక్క మొగుడు కూడా. కేతేపల్లి దగ్గర ఇంకొకళ్ల పందుల షెడ్డులో అక్కతోపాటు పనికి కుదిరాడు. పని చూపించింది కూడా నేనే. "బావా, పొద్దుగూకంగనే వేపాకు పొగ పెట్టు. నీ పందులు నిన్ను మొక్కుతయ్" అని ఫోనులో చెప్పాను. రెండు రోజుల తర్వాత ఆయనే ఫోను చేసి, పొగ పని చేసిందని మురిశాడు.

ఆ ఏడు వాన ఎడతెగకుండా పడింది. అయిదు రోజులు మబ్బు విడవలేదు. లోపలికి జల్లు కొడుతోందని షెడ్డు పరదాలన్నీ దించేశాం. గుంత నిండింది. నిండడమే కాదు, సబ్బు నురగలా గోధుమరంగు నురగ లేచి పలకల సందుల్లోంచి పైకి ఉబికింది. పందుల గిట్టలు ఆ నురగలో మునిగాయి. సారు ఫోను చేసి, ట్యాంకరు పంపుతున్నా, గుంత కలపండి అన్నాడు. మధ్యాహ్నం మోటరు వేసి కలిపాం. కుళ్లిన గుడ్ల వాసన వచ్చింది. పరదాలు లేపాలన్న సంగతి గుర్తుకొచ్చింది. రాలేదని అబద్ధం చెప్పను. ఒక పక్క పరదా తాడు విప్పాను కూడా. లోపలి నుంచి మా ఇంటామె అరిచింది.

"ఓ మనిషీ! పరదా దించు! ఇప్పుడే ఈనింది, పదకొండు పిల్లలు, సలికి వణుకుతున్నయ్."

"మేడం లేపుమన్నది."

"మేడం వచ్చి పిల్లలను కడుపుల వెట్టుకుంటదా? దించు!"

దించాను. తడిసిన పసిపిల్లకు గాలి తగలకూడదు. గొర్లోళ్ల ఇంట్లో పుట్టినవాడికి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. ట్యాంకరు ఒక తడవ నిండి పోయింది. రెండో తడవకు వచ్చేలోపు పొద్దుగూకింది. దోమలు మొదలయ్యాయి. అప్పుడే ఈనిన తల్లిని కుడుతున్నాయి. నేను మూకుడు తెచ్చాను.

నిప్పుల మీద వేపాకు తడిసి ఉంది, పొగ రావడం లేదు. షెడ్డు నడిమిలో, పలకల మీద మూకుడు పెట్టి, వంగి నోటితో ఊదాను. ఆకు కింద చిన్న మంట లేచింది. లేస్తే ఏమైంది, ఇంకో గుప్పెడు పచ్చాకు వేస్తే అదే అణుగుతుందని, ఆకు తేవడానికి గడప దాటాను. రెండడుగులు వేశానో లేదో.

చప్పుడు పెద్దదేమీ కాదు. ఎవరో పెద్ద దుప్పటిని ఒక్కసారి దులిపినట్టు. వెనక్కి తిరిగాను. నేల వెలుగుతోంది. పలకల ప్రతి సందులోంచి నీలిరంగు వెలుగు. నేను వంట గ్యాసు పొయ్యి మీద తప్ప అలాంటి నీలం ఎక్కడా చూడలేదు. ఈ కొస నుంచి ఆ కొసదాకా, నురగ మీద నుంచి ఆ నీలం పరుగెత్తింది. పందులు ఒకటే గొంతుతో అరిచాయి. పరదాలు అంటుకున్నాయి. ఆ కొసన ఈనే గది ఉంది. అందులో మా ఇంటామె ఉంది.

నేను కదలలేదు.

ఇన్నేళ్లలో ఈ ముక్క ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సి వచ్చినప్పుడల్లా "ఉరికిన" అని చెప్పాను. ఉరకలేదు. చేతిలో వేపాకు పట్టుకుని, నోరు తెరుచుకుని, నిలువునా నిలబడ్డాను. ఊరందరికీ ప్రతి మాటకు బదులు చెప్పే నోరు అప్పుడు ఆమెను పేరు పెట్టి పిలవడానికి కూడా రాలేదు. ఎంతసేపో తెలియదు. చెయ్యి నోటికి పోయేంత సేపే అయ్యుండొచ్చు. నీలం ఎట్లా వచ్చిందో అట్లా ఆరిపోయింది. పరదాలు మాత్రం కారుతూ మండుతున్నాయి.

వెనక తలుపు నుంచి ఆమె తనంత తానే బయటికి వచ్చింది. చంకలో తట్ట, తట్టలో పిల్లలు. కొంగు పొగలు కక్కుతోంది. కనుబొమ్మలు లేవు. కుడి చెయ్యి మోచేతి నుంచి కిందికి తోలు తోలులా లేదు. కాలిన పరదా కరిగి ఆ చేతి మీద పడిందట. వానలో నిలబడి నన్ను చూసింది.

"ఏం జేసినవ్రా? ఏం వెట్టినవ్ లోపట?"

పెళ్లయిన పదమూడేళ్లలో ఆమె నన్ను 'రా' అన్నది అదొక్కసారే.

ట్యాంకరు డ్రైవరు వచ్చి, మిగిలిన పరదాల మీద నీళ్లు కొట్టి, అదే బండిలో మమ్మల్ని ఎక్కించుకున్నాడు. పెంట ట్యాంకరులో భువనగిరి దవాఖానకు చేరాం. దారంతా ఆమె ఏడవలేదు. ఒక్క మాట అంది. "మా అన్నకు చెప్పకు. గొడ్డలి వట్టుకొని వస్తడు నీ మీదికి." సరేనన్నాను. నాకు అదే నయమనిపించింది.

మర్నాడు సాయంత్రం అవుతుండగా మేడం వచ్చింది. సారు చెప్పాడట. చెయ్యికి కట్టు, సగం మొహానికి తెల్ల మందు పూసుకుని పడుకున్న మా ఇంటామెను చూసి, మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయింది. "నేను ఇంకా గట్టిగా చెప్పాల్సింది" అని రెండుసార్లు అంది. బీడీ అన్నావు, పొగ అనలేదు అని ఆమె మీదికి నెడదామా అనిపించింది నాకు. కానీ పొగ సంగతి ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు. ఆమె వచ్చేది పగటి పూట, నేను మూకుడు పెట్టేది పొద్దుగూకాక.

నా భయాన్ని కాస్త చిన్నది చేసుకుందామని అన్నాను. "పోనీ మేడం, గా గ్యాసంత కాలిపాయె కదా. మీ ఆకాశానికి పీడ పాయె."

ఆమె నా వైపు చూసింది. ఎగతాళి అనుకుందేమో అని భయపడ్డాను. కానీ మామూలుగానే బదులిచ్చింది.

"నిజమే అన్నా. కాలినదాంతోని ఆకాశానికి నష్టం తక్కువ. కాలితె మీథేన్ పోయి వేరే గ్యాసు అయితది, అది ఇంత వేడి పట్టదు. ఎక్కువ నష్టం జేసింది నిన్న కాలింది కాదు. కాలకుండ పోయింది. మీరు షెడ్డుల పని జేసినన్ని రోజులు, రోజూ, చప్పుడు లేకుంట పోయింది."

నేను నవ్వబోయాను. నిన్నటి నీలం కళ్ల ముందు లేచింది. షెడ్డు ఆ కొస నుంచి ఈ కొసదాకా పరుగెత్తిన నీలం, మా ఇంటామె చేతిని తిన్న నీలం. అది అయిదు రోజులు పరదాల వెనక జమ అయిన దాంట్లో ఒక ముక్క. అట్లాంటిది రోజూ నా ముక్కు ముందు నుంచి పోయింది. నేను బిర్యానీ ఉడకబెడుతుంటే పోయింది, డబ్బా పట్టుకుని జోకులు వేస్తుంటే పోయింది. కనపడి ఉంటే మేం ఒక్క రోజు కూడా ఆ షెడ్డులో నిలబడేవాళ్లం కాదు. ఖాళీ సీసాలని నేను నవ్వుకున్నవన్నీ నిండు సీసాలే.

"అన్ని గుంతలల్ల ఇట్లనే ఉంటదా?" అని అడిగింది మంచం మీది నుంచి మా ఇంటామె. అప్పటిదాకా నిద్రపోతోందనుకున్నాం.

"లోపట పెంట నిల్వ ఉన్న ప్రతి గుంతల ఉంటదక్కా."

మా ఇంటామె, నేను ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం. కిటికీ బయట వాన పడుతూనే ఉంది. పొద్దుగూకడానికి ఎక్కువ సేపు లేదు. మొన్ననే బావ ఫోనులో చెప్పిన మాట ఇద్దరికీ ఒక్కసారే గుర్తొచ్చింది. వాళ్ల గుంత కూడా నిండిందట, ట్యాంకరు దొరకగానే కలుపుతామన్నాడు.

ఫోను చేశాను. ఎత్తాడు. వెనక మోటరు చప్పుడు వినిపిస్తోంది.

"బావా, పొగ వెట్టకు."

"ఏందీ?"

"వేపాకు పొగ. వెట్టకు. పరదాలు లేపు. అక్కను బయటికి పిలువు."

"నువ్వే కదా పెట్టుమన్నవ్? ఇయ్యాల కొత్త కత వట్టినవా?"

"కత గాదు బావా. పెంట గుంతల గ్యాస్ ఉంటది. అంటుకుంటది."

బావ ఫోను పక్కకు పెట్టి అక్కతో అంటున్నాడు, నాకు వినిపిస్తోంది. "ఇగో, మీ తమ్ముడు. పందుల పెంటకు మంట లేస్తదట!" ఇద్దరూ నవ్వుతున్నారు. తప్పు వాళ్లది కాదు. పోయిన ఏడు ఇదే గొంతుతో, ఇంత గాబరాగా ఫోను చేసి, పందులకు ఆధార్ కార్డులు తీయిస్తున్నారు, ఫోటోకు వాటిని తయారుచేసి పెట్టు అన్నాను. పాపం బావ రెండు పందులకు స్నానం చేయించాడు. అంతకు ముందు సారు చనిపోయాడని చెప్పాను. అంతకు ముందు ఇంకేదో.

"బావా, నీ కాళ్లు మొక్కుత."

"కాళ్లు గూడ మొక్కుతున్నవా? మస్తు పెరిగినవ్ బావా. ఉండు, మూకుడుల నిప్పు ఆరిపోతాంది, మల్ల జేస్త" అని పెట్టేశాడు.

మళ్లీ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. మేడం తన ఫోను తీసింది. తెలియని నంబరని దాన్నీ ఎత్తలేదు. కేతేపల్లికి బండి మీద పోవాలంటే పొద్దు పోతుంది.

మా ఇంటామె ఎడమ చెయ్యి చాపింది. "నా ఫోను తే."

ఆమె ఫోను నడుం దగ్గర చీర మడతలో ఉండి బతికింది. ఎడమ బొటనవేలితో తడుముకుంటూ నొక్కింది. రెండు మోతలకే ఎత్తాడు. చెల్లె ఫోను కదా.

"అన్నా."

"ఏమే, మీ ఆయన..."

"అన్నా, నేను దవాఖానల ఉన్న. చెయ్యి కాలింది. మొఖం కాలింది."

అవతల నవ్వు తెగింది. మోటరు చప్పుడు మాత్రం ఉంది.

"పొగ వెడితె అంటుకున్నదన్నా. నేల కింది నుంచి వచ్చింది మంట. నువ్వు నిప్పు వెడితే వదినె..." అనేసరికి నిన్నటి నుంచి రాని ఏడుపు అప్పుడు వచ్చింది. మందు పూసిన చెంప మీద నుంచి నీళ్లు కారితే మంట పుట్టి, ఏడుస్తూనే అమ్మో అంది.

బావ మాతో మాట్లాడలేదు. "ఆర్పవే! మూకుడు బయట వారెయ్! బయటికి ఉరుకు, మల్ల లోపటికి రాకు!" అని అరిచాడు. ఉరికిన చప్పుడు. దేన్నో తట్టుకుని పడ్డ చప్పుడు. తర్వాత సుయ్యిమని ఒక శబ్దం. నీళ్లో, వానో, నిప్పుల మీద పడింది. మోటరు ఆగింది. ఆ తర్వాత తాళ్లు లాగుతున్నట్టు, పరదాలు ఒకదాని తర్వాత ఒకటి పైకి పోతున్నట్టు టపటపమని గాలి.

మేం ముగ్గురం ఫోను చుట్టూ తలలు చేర్చి విన్నాం.

చాలాసేపటికి బావ వచ్చాడు. ఎగపోస్తున్నాడు. "బయటనే ఉన్నది మీ వదినె. నేనూ బయటికొచ్చిన. చెల్లే, నేను వస్తున్న పొద్దుగాల." అని, "ఫోను ఆయనకియ్యి" అన్నాడు.

తీసుకున్నాను. తిట్లకు సిద్ధపడ్డాను. గొడ్డలికి కూడా.

తిట్టలేదు. ఆయన కూడా నాలాగే బెదిరి ఉన్నాడు.

"బావా, పరదాలన్ని లేపిన. గాలి మస్తుగ వస్తాంది. ఇగ మాకైతె ఫికర్ లేదు కదా?"

"లేదు బావా. మీకు లేదు."

"మరి గా గ్యాసు? ఇప్పుడు లోపటికెల్లి పోతాంది కదా. ఏడికి పోతది?"

నేను మేడం వైపు చూశాను. ఆమె అంతా వింటోంది. కిందికి చూస్తూ, సంచిలోంచి తీసిన గ్యాసు సీసా మూతను వేళ్లతో తిప్పుతోంది.

"పైకి" అన్నాను.

"పైకంటె?"

కిటికీలోంచి చూశాను. వాన, మబ్బు, ఇంకేం లేదు. ఫోను చెవికి పెట్టుకుని అట్లాగే నిలబడ్డాను. అటు బావ కూడా పెట్టెయ్యలేదు.